కర్రీ పాయింట్ కాటా చెప్పిన మా రైతుబజారు లెక్క

విజయనగరం కంటోన్మెంట్‌లో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. పదకొండేళ్ళుగా నడుపుతున్నాం. రోజూ ఆరు కూరలు, ఒక పప్పు, ఒక పులుసు, ఒక రోటిపచ్చడి. వంట నాది, ప్యాకెట్లు కట్టడం, డబ్బులు చూసుకోవడం మా ఆయనది. తరగడం మాత్రం మా అత్తది. పొద్దున్న ఆరున్నరకల్లా నేను రైతుబజారు గేటు దగ్గర ఉంటాను. మా టౌన్లో రైతుబజార్లు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. నేను వెళ్ళేదాంట్లో మంచీ ఉంది, చెడూ ఉంది. రెండూ దాచకుండా రాయాలనుకున్నాను కాబట్టి అది ఏదో పేరు రాయడం లేదు.

ఆలుగడ్డ, ఉల్లిపాయ సంగతి ముందే తేల్చేస్తాను. అవి ఇక్కడ పెద్దగా పండవు, లారీల్లో వస్తాయి. బయట కొట్లకీ ఇక్కడికీ పెద్ద తేడా ఉండదు. మేం బస్తాల లెక్కన హోల్‌సేల్లో తెచ్చుకుంటాం. మీరు రెండు కేజీలకి ఎక్కడ కొన్నా ఒకటే.

మిగతా కూరగాయల సంగతి అలా కాదు. నాలుగేళ్ళ కిందట ఒకసారి వరసగా రెండు నెలలు మాకు చేతిలో ఏమీ మిగల్లేదు. గ్యాస్ ధర, నూనె ధర అనుకున్నాం. మా ఆయన టెన్షన్ పడిపోయి ప్యాకెట్ రేటు పెంచేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. మా దగ్గర కొనేవాళ్ళలో సగం మంది కోచింగ్‌కి వచ్చి గదుల్లో ఉండే పిల్లలు. అప్పుడు కొట్లో ఉన్న ఎలక్ట్రానిక్ కాటా ఇంట్లోకి తెచ్చి, కొన్న కూరగాయ ఒకసారి, తొక్కా గింజా తొడిమా పోయాక మిగిలిన ముక్కలు ఇంకోసారి తూచి పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ నడుస్తోంది. రైతుబజారులో ఏది చవక, ఏది కాదు అని నేను చెప్పేదంతా అందులోదే.

ఒక్క ఆనపకాయ సంగతి వినండి. బజారు ధరల బోర్డు మీద కేజీ ఇరవై రూపాయలు. ఒక రోజు లేత కాయలు దొరికాయి. కేజీకి 830 గ్రాముల ముక్కలు వచ్చాయి. ఇంకో రోజు ఆలస్యంగా వెళ్ళి, మిగిలిన పెద్ద కాయలు తెచ్చాను. తొక్క మందం, లోపల గింజ గట్టిపడిపోయింది. కేజీకి 560 గ్రాములే తేలాయి. రెండు రోజులూ అదే ఇరవై రూపాయలు. కానీ గిన్నెలోకి వచ్చిన ముక్కల లెక్కన మొదటి రోజు కేజీ ఇరవై నాలుగు, రెండో రోజు ముప్పై ఆరు పడింది. మేం రోజుకి పది కేజీలు వాడే కూరగాయ అయితే ఆ తేడా నెలకి ఎంతవుతుందో మీరే చూసుకోండి.

డెంకాడ వైపు నుంచి ఒక అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) వస్తుంది. మూడో వరసలో స్తంభం పక్కన కూర్చుంటుంది. నేను పెద్ద కాయ చేతిలోకి తీసుకుంటే చటుక్కున లాక్కుని, "అది ముదిరిపోనాదమ్మా, ఒగ్గెయ్. ఇది అట్టుకెల్లు" అని నూగు పోని లేత కాయ చేతిలో పెడుతుంది. తన దగ్గర ముదురు కాయ ఉండిపోతుందని తెలిసినా అలాగే చేస్తుంది. గోరు గుచ్చి చూడొద్దని కూడా ఆవిడే చెప్పింది. గోరు దిగిన చోట కాయ నల్లబడి, తర్వాత ఎవరూ కొనరు. కాయ మీద నూగు ఉందా, అదే సైజు కాయల్లో బరువుగా ఉందా అని చూస్తే చాలు. పండించినవాళ్ళ దగ్గర కొంటే మనకి దొరికేది ఇదే. తెచ్చి అమ్మేవాళ్ళకి ఆ కాయ ఎప్పుడు కోశారో తెలియదు, పండించినవాళ్ళకి తెలుసు.

రైతుబజార్లు మన రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలయ్యాయి. అప్పటికి నేను ఇంకా స్కూల్లో చదువుతున్నాను. రైతుకి హోల్‌సేల్ ధర కన్నా ఎక్కువ రావాలి, కొనేవాళ్ళకి బయట చిల్లర ధర కన్నా తక్కువ పడాలి, మధ్యలో దళారీ ఉండకూడదు. ఇదీ ఏర్పాటు. అందుకే రైతుకి గుర్తింపు కార్డు ఇస్తారు, కూర్చునే చోటుకి అద్దె ఉండదు. ఆ రోజు ధరలు పొద్దున్నే బోర్డు మీద రాస్తారు. మా బజారులో ఆ బోర్డు గేటు లోపల ఎడమ చేతి వైపు ఉంటుంది. నేను ముందు అక్కడ నిలబడి రెండు నిమిషాలు చదువుతాను. నిన్నటికీ ఇవాళ్టికీ ఏది తగ్గిందో అదే ఆ రోజు మా కొట్లో కూర. మెనూ ముందే అనుకుని వెళ్ళడం మానేసిన దగ్గర్నుంచే మాకు డబ్బు మిగలడం మొదలైంది.

పుస్తకంలో నన్ను బాగా ఆశ్చర్యపరిచినవి ఆగాకర, కాలీఫ్లవర్. ఆగాకర వానాకాలంలో కేజీ ఎనభై అంటే అందరూ మొహం తిప్పుకుంటారు. కాలీఫ్లవర్ నలభై అంటే చవకని సంచీ నింపుకుంటారు. ఆగాకరకి రెండు కొసలు తీసేస్తే చాలు, కేజీకి 950 గ్రాములు వస్తుంది. అంటే ఎనభై నాలుగు రూపాయలు. కాలీఫ్లవర్‌కి ఆకులు, కాడ పోతే 550 గ్రాములు, అంటే డెబ్భై మూడు. బోర్డు మీద ఒకటి రెండోదానికి సగం. వండేటప్పటికి మధ్యలో పదకొండు రూపాయలే తేడా. ఆగాకర వేపుడు చేసిన రోజు ఒంటిగంటకల్లా గిన్నె ఖాళీ అయిపోతుంది కూడా. పచ్చిబఠాణీ కాయలు జనవరిలో ఎంత చవకగా కనిపించినా, ఒలిస్తే సగం కూడా రాదు. బరబాటి (బొబ్బర్లకాయ), బెండ, దొండ మాత్రం వృథా లేని కూరలు. దొండలో పండినవి ఏరి పక్కన పెట్టాలి, అంతే.

ఇక పనసకాయ. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా కొట్టుకి పేరు తెచ్చింది పనసపొట్టు కూర.

మా అత్తవాళ్ళది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట దగ్గర పల్లె. కొబ్బరి, జీడి, పనస నీడలో పెరిగిన మనిషి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వాళ్ళ పెరట్లో ఉన్న మూడు పనస చెట్లూ కూలిపోయాయి. ఆ వార్త విన్న రోజు మా అత్త అన్నం తినలేదు. పిల్లలకి పేర్లున్నట్టు ఆ చెట్లకి పేర్లుండేవి. ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే బజారులో లేత పనసకాయల కుప్ప దగ్గర ముందు ఆవిడే నిలబడుతుంది. కాయని అరచేత్తో తట్టి, ముచ్చిక దగ్గర కోసిన చోట పాలు ఇంకా కారుతున్నాయా లేదా చూస్తుంది. పాలు తెల్లగా చిక్కగా ఉంటే నిన్న కోసిన కాయ. ఎండి గోధుమరంగు గట్టిబడితే రెండు మూడు రోజులైనట్టు.

మొన్న ఆరు కేజీల కాయ కొన్నాం. కేజీ పాతిక చొప్పున నూట యాభై. పైముళ్ళు చెక్కేసి, నడుమ దూట తీసేసి, కత్తితో కొట్టి పొట్టు చేస్తే మూడు కేజీల రెండు వందల గ్రాములు వచ్చింది. అదే బజారులో కొట్టి అమ్మే పొట్టు కేజీ ఎనభై. ఆ లెక్కన అంత పొట్టుకి రెండు వందల యాభై ఆరు అయ్యేది. నూట ఆరు రూపాయలు మిగిలాయి. కానీ గంటకి పైగా పని, చేతులకి నూనె, కత్తికి నూనె, కింద పాత పేపర్లు, జిగురు వదిలించుకోవడం. మాకు అత్త ఉంది కాబట్టి సరిపోయింది. నలుగురున్న ఇంటికి నాలుగు వందల గ్రాముల పొట్టు చాలు. మీరు కాయ కొనకండి, కొట్టిన పొట్టే కొనండి. ఆ పొట్టు కొట్టే ఆడవాళ్ళ చెయ్యి చూడండి. చెక్క మీద కాయ నిలబెట్టి ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో కొడుతుంటే పొట్టు అంతా ఒకే సన్నం. ఆ పని నేను పదకొండేళ్ళలో నేర్చుకోలేకపోయాను. వాళ్ళు అడిగే ఎనభై ఆ పనితనానికి ఎక్కువ కాదు.

పొట్టు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. కొందరు నల్లబడకుండా పొట్టుని నీళ్ళలో వేసి ఉంచుతారు. అది తప్పు కాదు, మేమూ పసుపు నీళ్ళలో వేస్తాం. అలాగే నీళ్ళతో తూస్తే మాత్రం మీరు నీళ్ళకి డబ్బిస్తున్నట్టు. గుప్పెట్లో పట్టి గట్టిగా పిండి, తూచమని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మామిడిపళ్ళ దగ్గర మాత్రం మా బజారుని పూర్తిగా మెచ్చుకోలేను. మా జిల్లా మామిడికి పెట్టింది పేరు. గజపతినగరం, బొండపల్లి, మెంటాడ వైపు తోటలే తోటలు. సువర్ణరేఖ, బంగినపల్లి, కలెక్టర్, పనుకులు, చెరకురసం, అన్నీ ఉంటాయి. అందులో మంచి కాయ చాలామటుకు లారీలెక్కి ఒడిశాకీ, కోల్‌కతాకీ పోతుంది. మన బజారుకి వచ్చేదాంట్లో మేలూ నాసీ కలిసే ఉంటాయి. సువర్ణరేఖకి బుగ్గ మీద ఎర్రదనం చూసి పండిందనుకుని మోసపోయేవాళ్ళని రోజూ చూస్తున్నాను. ఆ ఎరుపు ఆ జాతికి పుట్టుకతో వచ్చేది, కాయ పచ్చిగా ఉన్నప్పుడే ఉంటుంది. ఎరుపు వదిలేసి ముచ్చిక చుట్టూ చూడండి. అక్కడ భుజాలు ఉబ్బి, ముచ్చిక లోపలికి దిగినట్టుంటే టెంక కట్టి ముదిరిన కాయ. భుజాలు జారిపోయి ఉంటే లేతలోనే కోసేశారన్నమాట. అలాంటిది ఎన్నాళ్ళు మాగబెట్టినా పులుపు వదలదు.

రెండేళ్ళ కిందట, బజారులో కాదు, ఒక రోడ్డు పక్క బండి దగ్గర, ఎక్కడో చెప్పను, నాలుగు కేజీల బంగినపల్లి కొన్నాను. మచ్చ లేకుండా కాయంతా ఒకే పసుపు. ఇంటికొచ్చి కోస్తే పైన మెత్తన, టెంక దగ్గర తెల్లగా, పుల్లగా ఉంది. వాసన లేదు. మా చిన్నమ్మాయికి నాలుక మండిందని ఏడ్చింది. కార్బైడ్ పెట్టారని నా అనుమానం, రుజువు నా దగ్గర లేదు. కార్బైడ్‌తో పళ్ళు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. అయినా ఆ రోజు నుంచి నేను పండు కొనడం మానేసి ముదురు కాయే కొంటున్నాను. ఇంటికి తెచ్చి బకెట్ నీళ్ళలో వేస్తాను. మునిగినవి ముదిరినవి, వాటిని తడి తుడిచి ఎండుగడ్డి మధ్య, గడ్డి లేకపోతే పేపర్లలో చుట్టి గంపలో పెడతాను. తేలినవి పప్పులోకీ పచ్చడిలోకీ. నాలుగైదు రోజులకి ఇల్లంతా వాసన. పండు కన్నా కాయ ధర కూడా తక్కువే ఉంటుంది. గంపలో రోజూ చెయ్యి పెట్టి చూసి, మెత్తబడినవి ముందు తీసేయండి, లేకపోతే ఒకటి కుళ్ళి పక్కదాన్ని పాడుచేస్తుంది.

వానలు పడ్డాక సీతంపేట ఏజెన్సీ నుంచి అనాసపళ్ళు, ఆ తర్వాత సీతాఫలాలు వస్తాయి. కొండ నుంచి వచ్చేవాళ్ళు తట్టల్లో తెచ్చి గేటు బయట కూర్చుంటారు. వాళ్ళ దగ్గర బేరమాడకండి, దయచేసి. తెల్లారకముందే బయల్దేరి, బస్సులు మారి వస్తారు. సాయంత్రం ఆఖరి బస్సుకి వెళ్ళిపోవాలి. ఆ తొందర చూసి సగానికి అడిగేవాళ్ళని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. సీతాఫలం కన్నులు విచ్చుకుని, గీతల మధ్య పసుపు కనిపిస్తే రేపటికి పండుతుంది. పదింటిలో రెండు ఇవాళ్టికి, మిగతావి రెండు మూడు రోజులకి వచ్చేలా ఏరి ఇమ్మంటే వాళ్ళే ఇస్తారు.

2023 జూలైలో టమాటా ధర వంద దాటినప్పుడు రైతుబజార్లలో ప్రభుత్వం కేజీ యాభైకి అమ్మింది. పెద్ద క్యూలు. నేను ఆ క్యూలో నిలబడలేదు. అది ఇళ్ళవాళ్ళ కోసం పెట్టింది, కొట్టు పెట్టుకున్న నేను వాళ్ళ వాటా తీసుకోవడం న్యాయం కాదనిపించింది. ఆ నెలంతా మా కొట్లో టమాటా లేదు. పప్పులోకి గోంగూర, చుక్కకూర, పచ్చడిలోకి దోసకాయ. పులుసు చింతపండుతోనే. అడిగినవాళ్ళకి నిజమే చెప్పాను. ఒక్కరు కూడా కొనడం మానలేదు. చింతపండు మాత్రం ఏటా కొత్తది దిగగానే ఏజెన్సీదే తీసుకుని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో ఏడాదికి సరిపడా పెట్టుకుంటాం.

ఇప్పుడు నచ్చనివి. మా బజారులో కార్డు ఉన్న రైతు పేరు మీద వేరేవాళ్ళు కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక రైతు దగ్గర రెండు మూడు రకాలే ఉంటాయి, అదీ ఆ కాలంలో పండేవే. ఒకే మనిషి ముందు క్యారెట్, బీట్‌రూట్, క్యాప్సికం, బీన్స్ నుంచి బీరకాయ దాకా పన్నెండు రకాలు పేర్చి ఉంటే అది మార్కెట్ నుంచి తెచ్చిన సరుకు. కొనొద్దని కాదు, రైతు దగ్గర కొంటున్నామనుకుని కొనకండి. బోర్డు ధరకి అమ్మేది గంప అడుగుది, మంచివి ఏరితే కేజీకి ఐదు ఎక్కువ అనడం కూడా ఉంది. ఒకసారి నేను గట్టిగా అడిగితే, "అయితే బోర్డు దగ్గరే కొనుక్కోండి" అన్నాడు ఒకాయన. ఆఫీసులో చెప్తే వచ్చి మందలించారు, వారం బాగుంది, మళ్ళీ మామూలే.

వాన పడితే వెనక వరసల్లో మడమ లోతు నీళ్ళు. ఆకుకూరలవాళ్ళు ఎక్కువగా అక్కడే కూర్చుంటారు, వాళ్ళ కట్టలు బురదలో. ఆడరైతులకి సరైన మరుగుదొడ్డి లేదు. తెల్లవారుజామున వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చునే ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తున్నారని డెంకాడ అప్ప చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. రోజూ నా పని చూసుకుని పావుగంటలో వచ్చేసేదాన్ని, ఇన్నేళ్ళూ అడగనే లేదు. పండించేవాళ్ళ కోసం కట్టిన చోట ఇది ఉండి తీరాలి.

కాటాల విషయంలో నాకు ఇక్కడ ఇబ్బంది రాలేదు. నెలకోసారి కొన్నవి తిరిగి మా కాటా మీద తూస్తాను, పది ఇరవై గ్రాముల కన్నా తేడా లేదు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో, తూచే ముందు సున్నా చూపిస్తోందో లేదో చూడటం అలవాటు చేసుకోండి.

ఫోన్లో ఆర్డర్ ఇస్తే ఇంటికి తెచ్చే యాప్ ఒకటి మా ఆయన వారం రోజులు వాడి చూశారు. కూరగాయలు శుభ్రంగా, ఒకే సైజులో వచ్చాయి. కాకపోతే ఆనపకాయ లేతదో ముదురుదో వాళ్ళు చూడరు. ఆకుకూర కట్ట మా బజారు కట్టలో సగం. కదల్లేని పెద్దవాళ్ళకి పనికొస్తుంది, మాకు పనికిరాలేదు.

వెళ్ళే వేళ కూడా లెక్కలోదే. ఆకుకూరలు, ఆనప, బీర, వంకాయ పొద్దున్న ఏడులోపు. కంద, చామ, పెండలం, చిలకడదుంప ఎప్పుడైనా. బాగా పండిన టమాటాలు, నిమ్మకాయలు సాయంత్రం పూట, అప్పుడు ధర తగ్గించి ఇచ్చేస్తారు, పచ్చడికి అవే బాగుంటాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారం మాత్రం మీకు కావలసింది రెండు రోజుల ముందే తెచ్చుకోండి. ఆ సోమ, మంగళవారాలు టౌన్లో కాలు పెట్టే చోటు ఉండదు, బజారు దాకా బండ్లు రాలేవు, ధరలు కూడా పెరుగుతాయి.

ఇది రాసేటప్పటికి ఏప్రిల్ చివరి వారం. లేత పనస అయిపోవస్తోంది, ఇంకో పది రోజులు దొరుకుతుందేమో. సువర్ణరేఖ నిండుగా దిగింది, బంగినపల్లి ఇప్పుడిప్పుడే వస్తోంది. దోసకాయ, బెండ, ములగకాడ ఈ వారం బాగా తగ్గాయి. రేపు మా కొట్లో ములగకాడ జీడిపప్పు కూర, మామిడికాయ పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు. డెంకాడ అప్ప పొద్దున్న నా కోసం నాలుగు లేత ఆనపకాయలు గోనె కింద దాచి ఉంచుతానంది, ఆరున్నర దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని కూడా అంది.